చీటీ కట్టిన మొక్కల చుట్టూ బీటలు లేవు

మొదట పెన్సిల్ గురించి చెబుతాను. పొలంలో మొక్కకు కట్టే చీటీ మీద పెన్సిల్‌తోనే రాయండి. బాల్‌పెన్ సిరా ఎండకు వెలిసిపోతుంది, మంచుకు కారిపోతుంది. పెన్సిల్ గీత పంట కోసేదాకా ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు నేను చీటీలన్నీ కొత్త పెన్నుతో అందంగా రాశాను. మార్గళి నెల, అంటే ధనుర్మాసపు మంచు పడ్డాక చూస్తే అన్నీ తెల్ల ముక్కలే. ఏ సాలు ఏ వంగడమో చెప్పగలిగేవాళ్లు లేక ఆ ఏటి పంటంతా పశువుల మేతకు పోయింది. అప్పటి మా అధికారి నన్ను తిట్టలేదు. జేబులోంచి ఒక పెన్సిల్ ముక్క తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

నేను తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం పోయే దారిలో ఉండిన ఒక చిన్న మెట్ట పంటల పరిశోధన క్షేత్రంలో క్షేత్ర సహాయకుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఆ క్షేత్రం ఇప్పుడు లేదు. సాళ్లు కొలవడం, చీటీలు కట్టడం, ఆకులు కోసి ఐసు పెట్టెలో పెట్టి బస్సులో కోయంబత్తూరు ప్రయోగశాలకు చేర్చడం నా పని. శాస్త్రవేత్తలు మారుతూ ఉంటారు. పొలంలో ఉండేది మాలాంటివాళ్లం. కొత్తగా చేరే పిల్లలు ముందు ఇది తెలుసుకోవాలి. కాగితం మీద ఎవరి పేరు ఉన్నా, ఆ కాగితంలోని అంకె మొదట పుట్టేది మీ చేతిలో.

చదువు పన్నెండో తరగతితో ఆగింది. జన్యుశాస్త్రం నాకు ఎవరూ చెప్పలేదు. కోవిల్‌పట్టి లైబ్రరీలో ఉన్న నాలుగు పుస్తకాలూ అయిపోయాక, ఆదివారాలు విరుదునగర్ బస్సెక్కి అక్కడి పెద్ద లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. ఒక ఇంగ్లిషు పుస్తకం మొదటిసారి బొత్తిగా అర్థం కాలేదు. రెండోసారి బొమ్మలు అర్థమయ్యాయి. మూడోసారి పుస్తకమే అర్థమైంది. దాని వెనక అంటించిన కాగితం మీద తేదీ ముద్రలన్నీ నావే. ఇది గర్వంగానే చెబుతున్నాను.

తెలుగు చదవడం కూడా అక్కడే నేర్చుకున్నాను. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే, గడప దాటితే తమిళం. అక్షరాలు మాత్రం మా ఇంట్లో ఏ తరంలోనూ ఎవరికీ రావు. నలభై దాటాక, బీరువా అడుగు అరలో దొరికిన ఒక పిల్లల వాచకం పెట్టుకుని దిద్దుకున్నాను. వచ్చాక తెలిసింది, నేను రాసింది చదవగలిగేవాళ్లు మా ఊరికి చుట్టూ ఎక్కడా లేరని. పెళ్లి చేసుకోలేదు. నాకు ఉన్నది ఒక్క అక్క, రంగక్క. ఆమెకు వేలిముద్రే సంతకం.

గుర్తు

జన్యు గుర్తు అంటే ఏమిటో నాకు అర్థమైన తీరులో చెబుతాను. మా ఊరికి బస్సులో వస్తుంటే ముందు ఊరు కనపడదు. పసుపు రంగు నీళ్ల ట్యాంకు కనపడుతుంది. అది కనపడగానే సంచి తీసుకుని లేచి నిలబడతాం. ట్యాంకు ఊరు కాదు గాని, ఊరి పక్కనే ఉంది కాబట్టి పని జరుగుతుంది. మొక్కలో కూడా అంతే. వానలేమిని తట్టుకునే గుణం ఎక్కడుందో నేరుగా కనపడదు. దాని పక్కనే ఉండి, ప్రయోగశాలలో చారలా కనపడే ముక్క ఒకటి దొరికితే, మొక్క మొలిచిన మూడో వారంలోనే చిన్న ఆకు ముక్క కోసి, ఇందులో ఆ గుణం ఉందో లేదో చెప్పవచ్చు. ఎండాకాలం దాకా కాచుకోనక్కర లేదు.

అయితే ఏ ట్యాంకు ఏ ఊరి పక్కన ఉందో మొదట ఎవరో ఒకరు బస్సు దిగి చూసి రావాలి. అంటే పొలంలో మొక్కల్ని ఎండబెట్టి, ఏది పచ్చగా నిలిచిందో కొలిచి, ఆ కొలతను చారలతో పోల్చాలి. పొలంలో కొలత తప్పితే ప్రయోగశాల ఎంత గొప్పదైనా మిమ్మల్ని వేరే ఊళ్లో దింపుతుంది.

హేమలత గారు

హేమలత గారు గుంటూరు వైపు నుంచి మూడేళ్ల ఒప్పందం మీద మా క్షేత్రానికి వచ్చారు. నల్లరేగడిలో వాన ఆగిపోయాక కూడా ఆకు పచ్చగా నిలిచే జొన్న కోసం ఆమె వెతుకులాట. మొదటి రోజు నాతో తమిళం మాట్లాడాలని తంటాలు పడుతుంటే, "తెలుగే మాట్లాడండమ్మా" అన్నాను. ఆమె ముఖం ఎలా మారిందో ఇప్పటికీ గుర్తుంది. "అయ్యో, ముందే చెప్పొద్దూ కొండసామి గారూ!" అన్నారు. నన్ను 'గారు' అన్న మొదటి మనిషి ఆమె. ఆ తర్వాత రోజూ నాలుగింటికి మా ఇద్దరికీ టీ. నేను చదివిన పుస్తకాల్లో అర్థం కానివి అడిగేవాణ్ణి. తెలియకపోతే తెలియదనే చెప్పేవారు. అలా చెప్పగలిగే అధికారిని అంతకుముందు చూడలేదు.

పాత జొన్న గింజల కోసం ఇద్దరం ఊళ్లు తిరిగాం. ఏళాయిరంపన్నై పక్క ఒక ఇంట్లో ముసలావిడ విత్తనాల కుండ దించి చూపించింది. అడుగున బూడిద తప్ప ఏమీ లేదు. ఇంట్లో అందరూ టపాసుల పనికి పోతున్నారు, జొన్న వేసి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. చివరికి మా అక్క ఇంటికే తీసుకెళ్లాను. పొయ్యి మీద పొగ తగిలేలా కంకులు వేలాడదీసి ఉన్నాయి. మెడ వంచి, కంకి కిందికి చూసే జొన్న. మా అమ్మ కాలం నుంచి వస్తున్నది.

"ఏరా, మీ ఆఫీసరమ్మకి మన జొన్న ఏమిటికి? అంగట్లో సంచులు సంచులుగా అమ్ముతా ఉండారే" అంది రంగక్క.

"వాన నిలిచిపొయినా పచ్చగా ఉండేది కావాలంట అక్కా."

"అట్లయితే సరైన ఇంటికే వచ్చినారు. నాయిన సచ్చిన యేడు ఊరంతా ఎండిపొయ్యె. ఇదొక్కటే నిలిచె."

హేమలత గారు, "చాలా సంతోషమండీ" అన్నారు. రంగక్క నోరు తెరిచి నవ్వింది. "అండీ అంటాదే! నాకా? ఏమ్మా, నీ మాట సినిమా తెలుగు మాదిరి ఉండాదే!"

"మీ మాట మా అమ్మమ్మ మాటలా ఉంది" అన్నారు హేమలత గారు.

"అంటే నేను ముసల్దాన్నయితినా? వినుకో తమ్మీ, నీ ఆఫీసరమ్మకి కొవ్వు!" అంటూనే రెండు కంకులు విరిచి ఆమె ఒడిలో పెట్టింది.

ఆ మెడవంపు జొన్నను, త్వరగా పంటకొచ్చే ఒక నిటారు కంకి రకంతో కలిపారు. పుట్టిన సంతానాన్ని విడివిడి వంగడాలుగా పెంచి, మూడో ఏడు అసలు పరీక్షకు వేశాం. ఏ వంగడం ఎక్కడ పడుతుందో లాటరీ తీసినట్టు నిర్ణయించి, ప్రతి వంగడాన్నీ మూడు చోట్ల విత్తాం. సాలుకు ఐదు మొక్కలకు చీటీలు. చీటీ మీద అంకె మాత్రమే ఉంటుంది, పేరు ఉండదు. కొలిచేవాడికి పక్షపాతం రాకూడదని ఈ ఏర్పాటు. ఇది పుస్తకంలో చదివి నేనెంతో మెచ్చుకున్న సంగతి.

మిగిలిన నీళ్లు

కలుపుకూ కాపలాకూ వచ్చే ఆడవాళ్ల జట్టుకు పెద్ద మా రంగక్క. మా వైపు కరిసల్ ఊళ్లలో, అంటే ఈ నల్లమట్టి ఊళ్లలో, ఒక అలవాటు ఉంది. పొలానికి తీసుకెళ్లిన తాగునీళ్లు సాయంత్రం మిగిలితే ఇంటికి మోసుకురారు. చేను చూస్తుండగా నీళ్లు వెనక్కి తీసుకుపోతే వాన కూడా వెనక్కి తిరుగుతుందని నమ్మకం. ఏదో ఒక మొక్క మొదట్లో పోసి, ఖాళీ బిందెతో ఇల్లు చేరాలి. చిన్నప్పుడు మా అమ్మ వెంట వెళ్లి నేనూ పోసినవాణ్ణే.

సంక్రాంతితో మొదలయ్యే తై నెల వచ్చేసరికి వాన పూర్తిగా ఆగింది. కంకులు బయటపడ్డాయి. ఒక సాయంత్రం రంగక్క బిందె వంచి చీటీ కట్టిన మొక్క దగ్గర నీళ్లు పోయడం చూశాను.

"ఏమక్కా సేస్తుండావు?"

"కండ్లు లేవా? నీళ్లు పోస్తుండా."

"ఇది పరీచ్చ చేను. నీళ్లు పొయ్యగూడదు."

"గుక్కెడు నీళ్లకి నీ పరీచ్చ చెడిపోతాదా? అట్లయితే అదేం పరీచ్చరా, పచ్చి కుండ మాదిరి!"

వెనక ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇంత పొలంలో ఒక బిందె నీళ్లు ఏ మూలకు అనుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, ఆ పుస్తకాలన్నీ చదివి, నేను చేసిన తప్పు ఇదే. నవ్వేసి ఇంటికి వెళ్లాను.

నెల తిరిగేసరికి చీటీ మొక్కలు రెండు రంగులుగా చీలాయి. మెడ వంచినవి పచ్చగా ఉన్నాయి, నిటారువి ఎక్కువగా ఎండాయి. హేమలత గారు బట్టల క్లిప్పులా ఆకును పట్టుకునే చిన్న యంత్రంతో సాలు సాలూ చీటీ మొక్కల్ని కొలిచారు. అదివరకే కోయంబత్తూరు నుంచి వచ్చిన చారల ఫొటోలు బల్ల మీద పరిచి అంకెలతో పోల్చారు. ఒక చార ఉన్న వంగడాలన్నీ పచ్చనివే. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "దొరికింది కొండసామి గారూ!"

ఆ ఫలితం నిలబడితే ఆమె ఒప్పందం ఇంకో మూడేళ్లు పొడిగిస్తారు. లేకపోతే తై తర్వాత వచ్చే మాసి నెలాఖరుతో ఆమె వెళ్లిపోవాలి. ఈ సంగతి క్షేత్రంలో అందరికీ తెలుసు.

బీటలు

మర్నాడు చీటీలు విప్పడానికి పొలంలో కూర్చున్నాను. నల్లరేగడి ఎండితే చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. పొలమంతా బీటలే. ఎండిన మొక్కల చుట్టూ ఉన్నాయి, చీటీ లేని మొక్కల చుట్టూ ఉన్నాయి. మెడవంపు సాళ్లలో చీటీ కట్టిన మొక్కల మొదట్లో మాత్రం జానెడు మేర మట్టి మూసుకుపోయి మెత్తగా ఉంది. వేలు గుచ్చితే దిగింది. ఇంకో సాలుకు వెళ్లాను. ఆ మూల, ఈ మూల, మూడు చోట్లా చూశాను. అన్నిచోట్లా అదే.

ఆ సాయంత్రం రంగక్క ఇంటికి వెళ్లాను.

"ఎన్ని దినాలుగా పోస్తుండావక్కా?"

"కంకి తల వంచిన కాన్నించి. నేనొకత్తినేనా? జట్టంతా పోస్తాది. మన జొన్న యాడుండాదో మెడ సూస్తే తెలీదా మాకి?"

"చీటీ కట్టిన వాటికే ఎందుకు పోసినారు?"

"నువ్వు దినం లెక్కబెట్టేది వాటినేగా! అమ్మ జొన్న ఓడిపోతే నీకి మానం పోదా? నీ కోసమే పోసినా తమ్మీ."

అంకెలు వేసి, లాటరీ తీసి, ఎవరికీ తెలియకూడదని మేం దాచినదంతా ఆమెకు మొక్క మెడ చెప్పింది. మేం పట్టుకున్న చార మెడవంపు గుణం పక్కన ఉన్న చార. మెడ వంచిన వాటికి నీళ్లు అందాయి, నీళ్లు అందినవి పచ్చగా నిలిచాయి. పచ్చదనం మొక్కది కాదు, బిందెది.

ఇరవై రోజులు

నేను ఇరవై రోజులు నోరు మెదపలేదు. ఇది రాయకుండా మిగతాదంతా రాస్తే ఈ కాగితాలకు విలువ లేదు.

కారణాలు వెతుక్కున్నాను. రెండు ఆదివారాలు విరుదునగర్ వెళ్లి, కొద్దిపాటి తడి ఫలితాన్ని మార్చదని ఎక్కడైనా రాసి ఉంటుందేమోనని పేజీలు తిరగేశాను. పుస్తకం మనకు కావలసింది చెప్పదు. నేను బయటపెడితే రంగక్క జట్టుకు పని పోతుంది. హేమలత గారికి మళ్లీ పరీక్ష వేసే కాలం లేదు. ఇవి పైకి చెప్పుకోదగ్గ కారణాలు. అడుగున ఉన్నది వేరు. ఆమె వెళ్లిపోతే నాలుగింటికి నాతో టీ తాగేవాళ్లు ఉండరు.

నివేదిక పంపే ముందు రోజు చెప్పాను. ఆమె నాతో పొలానికి వచ్చి, కోయకుండా నిలిచిన మొక్కల మొదట్లో తనే కూర్చుని బీటలు లేని మట్టి చూశారు. వేలు గుచ్చి చూశారు.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇరవై రోజులైందమ్మా. నీళ్లు పొయ్యడం అంతకుముందే చూశాను."

"మీ అక్క మీద నాకు కోపం లేదు, కొండసామి గారూ. ఆవిడకు తెలిసిన మంచి ఆవిడ చేసింది." లేచి చేతులకు అంటిన మట్టి దులుపుకున్నారు. "ఈ ఇరవై రోజులూ మీరు నాతో కూర్చుని టీ తాగారు."

అప్పటి క్షేత్రాధికారి విని విసుక్కున్నాడు. "బిందెడు నీళ్లకు ఇంత రాద్ధాంతమా? పంపించెయ్యండి. వచ్చే ఏడు చూసుకుందాం" అన్నాడు తమిళంలో. ఆయన చెడ్డవాడు కాదు. నివేదికకు తేదీ ఉంటుంది, జొన్నకు ఉండదు. ఆయన తేదీ వైపు మనిషి. అలాంటి అధికారులే మీకు ఎక్కువగా తగులుతారు, వాళ్లతో పోట్లాడకండి. హేమలత గారు కూడా పోట్లాడలేదు. జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాల్లో రాసి, ఫలితాన్ని వెనక్కి తీసుకుంటున్నానని సంతకం చేశారు. మాసి నెలాఖరున వెళ్లిపోయారు.

ఆ రోజు నేను వచ్చేసరికి ఆమె గది ఖాళీగా ఉంది. నా బల్ల మీద ఒక అట్టపెట్టె ఉంది. ప్రతి వంగడం నుంచి గుప్పెడు గింజలు చిన్న చిన్న కవర్లలో పెట్టారు. ఉత్తరం లేదు. కవర్ల మీద అంకెలు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి.

ఆడవాళ్ల జట్టును ఆపేసి, వేరే ఊరి వాళ్లను తెచ్చుకున్నారు. ఆ సాయంత్రం రంగక్క నా గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"నీకి ముద్ద పెట్టిన సెయ్యిరా ఇది. ఈ సెయ్యి పోసిన నీళ్లు నీకి ఇసమయినాయా?"

"అక్కా, నేను సెప్పేది విను..."

"నీ బుక్కులకి సెప్పుకో."

నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అది.

మూడు కాలాలు

మా ఊళ్లో నా వంతుకు వచ్చిన చిన్న మెట్ట పొలం చెక్క ఉంది. ఆ అట్టపెట్టెలోని గింజలు అక్కడ వేశాను. దసరా రోజుల్లో వచ్చే పురటాసిలో విత్తడం, తైలో కొలవడం. మూడు కాలాలు అదే పని. కొలిచే యంత్రం లేదు కాబట్టి పచ్చ ఆకులు వేళ్లతో లెక్కపెట్టాను. నీటి చుక్క పడనివ్వలేదు. నేను తాగే సీసా కూడా రోడ్డు దగ్గర సైకిల్‌కే వదిలి పొలంలో దిగేవాణ్ణి. మనిషి అలికిడి లేకుండా గంటలు గడిచేవి. అప్పుడప్పుడూ అంకె పైకి అనేవాణ్ణి, నా గొంతు నాకు వినపడాలని.

నీళ్లు లేనప్పుడు సంగతి వేరుగా ఉంది. మెడ వంచినవాటిలో కొన్ని ఎండాయి, కొన్ని నిలిచాయి. నిటారువాటిలోనూ అంతే. నిలిచినవి మూడు కాలాలూ నిలిచాయి. ఆ లెక్కలన్నీ ఉత్తరంలో పెట్టి, ఆకు ముక్కలు ఎండబెట్టి, హేమలత గారి కొత్త చోటికి పంపాను. జవాబు వస్తుందనుకోలేదు.

చాలా నెలలకు వచ్చింది. అచ్చ తెలుగులో రెండు పేజీలు. పచ్చగా నిలిచిన వంగడాలన్నింటిలోనూ ఉండి, ఎండినవాటిలో లేని చార ఒకటి దొరికిందట. అది మెడవంపు చారకు చాలా దూరంలో ఉందట. ఇంకా రెండు మూడు చోట్ల పరీక్షించాలని రాశారు, అది సరైన మాట. చివరి పేరాలో అసలు సంగతి. ఆ చార నిటారు రకం నుంచి రాలేదు. మెడవంపు జొన్న నుంచి వచ్చింది.

రంగక్క జొన్నలోనే ఆ గుణం ఉంది. నీళ్లు పోయకపోయినా గెలిచేది.

ఉత్తరం జేబులో పెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. గడపలో కూర్చుని మినుములు చెరుగుతోంది.

"అక్కా, నీ జొన్నే గెలిచింది. నీళ్లు లేకుండానే."

చేట ఆగలేదు. పొట్టు ఎగిరి నా చొక్కా మీద పడింది. ఉత్తరం తీసి చదవబోయాను. నాలుగు పంక్తులు చదివేసరికి ఆమె చేట పట్టుకుని లోపలికి వెళ్లింది. మిగతా ఉత్తరం ఖాళీ గడపకు చదివి, మడిచి, తిరిగి వచ్చాను.

ఆ ఉత్తరంలోనే హేమలత గారు అడిగారు, అక్కడ కొత్తగా పనిలో చేరే పిల్లల కోసం నా అనుభవం రాసి పంపమని. 'కొండసామి గారికి' అనే మొదలుపెట్టారు. అందుకే ఇదంతా. మీరు నేర్చుకోవలసింది చిన్నదే. పొలంలో పనిచేసే ఆడవాళ్లకు ఆ పరీక్ష ఎందుకో మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పండి. నేను మా అక్కకు చెప్పలేదు. పుస్తకాలు చదవగలిగినవాణ్ణి, సొంత అక్కకు నాలుగు మాటలు చెప్పాలని తోచలేదు. చెప్పి ఉంటే ఆమె బిందె గట్టు మీద వంచి ఉండేది. రెండోది, మీరు చూసిన తప్పు ఆ రోజే చెప్పండి.

ఇప్పుడు నా చెక్కలో పరీక్ష ఏమీ లేదు. కిందటి పురటాసిలో ఒక మూల రెండు సాళ్లు మెడవంపు జొన్న వేశాను. వేరే గింజ కలవని, అమ్మనాటి జొన్న. చీటీలు కట్టలేదు. పక్క చేలో మినుము కలుపుకు రంగక్క కూలికి వస్తోంది. సాయంత్రం ఇంటికి పోయే దారి నా గట్టు పక్కనుంచే. రోజూ నేను గట్టు మీద కూర్చుని ఉంటాను. రోజూ ఆమె తల తిప్పకుండా వెళ్లిపోయేది.

మొన్న కంకులు తల వంచాయి. ఆమె దారిలో ఆగింది. గట్టు దిగి, మొదటి సాలు దగ్గర నిలబడి, చీటీ కోసం కాబోలు ఒక మొక్కను పైనుంచి కిందికి చూసింది. పక్క మొక్కనూ చూసింది. తర్వాత నడుము మీది బిందె దించి, మిగిలిన నీళ్లు మొదట్లో పోసింది. కొంగుతో బిందె అంచు తుడుచుకుని గట్టెక్కి, నా ముందునుంచే వెళ్లింది.

నేను కూడా సీసాలో మిగిలిన నీళ్లు ఆ పక్క మొక్కకు పోసి లేచాను.